సీటు దొరికితే సరిపోదు

కౌన్సెలింగ్ రోజులొస్తే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ర్యాంకు, ఫీజు, హాస్టల్ గురించే మాటలు. దివ్యాంగ విద్యార్థి ఉన్న ఇంట్లో అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: క్లాసులు ఏ అంతస్తులో జరుగుతాయి?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపూ ఉంది. తిరుపతిలో ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. టీటీడీ బధిరుల పాఠశాలనూ, దివ్యాంగుల పాలిటెక్నిక్‌నూ నడుపుతోంది. ఇంత చదువున్న ఊరు రాష్ట్రానికి దారి చూపాలి.

కృష్ణా జిల్లా బిడ్డ బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వలేమన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు, తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివారు. ప్రతి పేదింటి పిల్లా కోర్టు మెట్లెక్కగలదా? అలా ఎక్కాల్సి రావడమే అన్యాయం.

తల్లిదండ్రులారా, ఆప్షన్లు పెట్టేముందు పిల్లలతో కాలేజీకి వెళ్లండి. ర్యాంపు, లిఫ్టు, మరుగుదొడ్డి, లైబ్రరీ, బస్సు చూడండి. పరీక్షల్లో జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను, అదనపు సమయాన్ని ఎలా ఇస్తారో అడగండి. ఈ వివరాలను ప్రతి కాలేజీ తన ప్రాస్పెక్టస్‌లోనే అచ్చువేయాలి. ఈ ఏడాది నుంచే.