మా యింటి యిగటాలు



మా శ్రీకాకుళపు సీమలో వేళాకోళమునకు ‘ఇగటం’ అని పేరు. పుస్తకములలోని ‘వికటము’ అను శబ్దమే మా పొలముగట్లవెంట తిరిగి తిరిగి, తలపైనున్న వకారమును ఎక్కడనో జారవిడుచుకొని యిట్లయినదని మా యూహ. మువ్వురు పిల్లలును, ఒక యత్తగారును, ఒక బడిపంతులుగారును, ఆయన దిద్దవలసిన కట్టలకొలది పరీక్షాపత్రములును గల యింట నవ్వును వెదకికొన నక్కఱలేదు. అది గుమ్మములో విడిచిన చెప్పులవలె కాళ్ళకడ్డము తగులుచునే యుండును. మా పలాస యింట పోగైన యిగటాలను కొన్నింటిని ఈ నెల మీ ముందుంచి, వాని చాటుననున్న సంగతి నొకదానిని కూడ విన్నవింతుము.

ముందుగా మా యింటి భాషను గూర్చి చెప్పవలెను. మా యింట తెలుగులు మూడు. అత్తగారు ఉద్దానమున కొబ్బరితోటల నడుమ పుట్టి పెరిగినవారు. ఆమెకు ‘ఏమి’ అనునది ‘ఏటి’, ‘నేను’ అనునది ‘నాను’, ‘వదలివేయుము’ అనునది ‘వొగ్గీ’. మావారిది పాఠ్యపుస్తకపు తెలుగు. మాది టెక్కలిలో చిన్ననాట మా తండ్రిగారియొద్ద భారతభాగవతములు చదువుకొన్న దినములలో నాలుకకు పట్టిన తెలుగు. పిల్లలు ఈ మూటిని కలిపి పులిహోరవలె కలియబెట్టి, పైన కొంచెము ఇంగ్లీషును పోపు వేయుదురు. ఆఱేండ్ల మా చిన్నవాడు మొన్న, “అమ్మా, ఈ కంచమును గ్రహించి ఆ మూల వొగ్గీ, నాకు హోంవర్కుంది” అనెను. ఆ యొక్క వాక్యములో కుటుంబ మంతయు గలదు.

ఈ భాషలవలన వచ్చు చిక్కులు కొన్ని గలవు. కన్నడసీమకు దాపుననుండు అనంతపురపు పల్లెనుండి మావారి స్నేహితు డొకరు వచ్చిరి. వీధియరుగుపై ఆడుకొనుచున్న చిన్నవానిని చూచి ఆయన, “మీ అప్పను పిలువప్పా!” అనిరి. అక్కడ ‘అప్ప’ యనిన తండ్రి. ఎదుటివారిని చనవుగా పిలుచుటకును ఆ మాటయే. మా సీమలో ‘అప్ప’ యనిన అక్క. వాడు ముందు, “నాను అప్పని కాను, తమ్ముణ్ణి” అని ఆయన పొరపాటును సవరించి, పిమ్మట పెరటిలో తొక్కుడుబిళ్ళ యాడుచున్న తొమ్మిదేండ్ల యక్కను చేయిపట్టుకొని తెచ్చి నిలిపెను. ఆ పిల్ల దుమ్ముకాళ్ళతో నిలుచుండి, “ఏటి పనండీ?” అనెను. ఆయన తత్తరపడి, “బడి పనిమీద వచ్చితినమ్మా” అనిరి. “ఇవాళ సెలవు కదండీ, రేపు రండి” అని యది మరల ఆటకు పోయెను. లోపలినుండి మావారు పరుగెత్తుకొని రాకున్న, ఆ పెద్దమనిషి రైలెక్కి పోయియే యుండును. మందస కోవాతో ఆయనకు సమాధానము చెప్పుకొంటిమి. ఒకే మాట తెలుగునేల యొక కొసను తండ్రియై, వేరొక కొసను అక్కయై యున్నదనిన, మన భాష యెంత పెద్ద కుటుంబమో చూడుడు.

వేసవి వచ్చినయెడల మా యూరికి జీడిపిక్కల కాలము. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు కర్మాగారములు మిక్కుటము. పిక్కలను ఉడికించియో కాల్చియో, చిప్ప పగులగొట్టి, పప్పును వేడికి ఆరబెట్టి, పొర యొలిచి, పరిమాణమునుబట్టి యేరుదురు. ఒలుచుటయు నేరుటయు చాలవఱకు స్త్రీల చేతిపనియే. చిప్పలో నుండు నూనె చర్మమునకు తగిలిన పొక్కించును. కావున పచ్చిపిక్కను పిల్లలచేత కొరుకనీయరాదు, కాల్చుపని పెద్దలే చేయవలెను అని మా యింట కట్టుబాటు. ఆ కట్టుబాటు వయసు ఒక వేసవి మధ్యాహ్నము. పెరటిగోడవెనుక పొగ లేచుట చూచి పోగా చిన్నవాడు మూతి నల్లగా చేసికొని నిలుచుండెను. “ఏమి తింటివి?” అని యడిగితిమి. వాడు నోరు తెఱువకయే “ఏమీ లేదు” అనెను. భాగవతములో యశోదాదేవి బిడ్డ నోరు తెఱపింపగా లోకములన్నియు కనబడినవి. మేమును అంతటి భాగ్యమునకు సిద్ధపడి నోరు తెఱపింపగా, కనబడినవి రెండు జీడిబద్దలును, ఊగుచున్న యొక పాలపన్నును. పెదవికి కొబ్బరినూనె రాచి లోపలికి గొనివచ్చితిమి. వాని కడుపులోని లోకములు మధ్యాహ్నపు టన్నముతో సర్దుకొన్నవి.

మావారు ప్రతి వస్తువును లెక్కగా మార్చక విడువరు. జీడిపప్పులో ‘320’ అను రకమనిన, ఒక పౌండునకు 300 మొదలు 320 వఱకు తూగు నిండు పప్పులని యర్థము. “పౌండనగా సుమారు 454 గ్రాములు. అట్లయిన కిలోకు 320 రకపు పప్పు లెన్ని?” అని రాత్రి భోజనమువేళ ప్రశ్న వేసిరి. పన్నెండేండ్ల పెద్దవాడు వ్రేళ్ళతో గాలిలో వ్రాసి, “ఏడువందల దరిదాపు” అనెను. చిన్నవాడు తల యడ్డముగా త్రిప్పి, “తూచేవాడు ఎన్ని తిన్నాడో చెప్పలేదు కదా!” అనెను. ఆ సంశయమునకు గణితశాస్త్రమున సమాధానము దొరకలేదు. పిమ్మట అమ్మాయి ఇంటివారినందఱను రకములుగా నేర మొదలుపెట్టెను. అన్న నిండు పప్పు. పండ్లూడుచున్న తమ్ముడు ముక్క. నాన్న పుస్తకములలో సగము, ఇంటిలో సగము గనుక బద్ద. “మామ్మ ఏ రకము?” అని యెవరో యడుగగా అత్తగారే యందుకొని, “నాను ఒలవని పిక్కని గుంటా! ముట్టుకుంటే సెయ్యి పొక్కిపోద్ది” అనిరి. ఆ రాత్రి మజ్జిగ పొలమారనివారు మా పంక్తిలో లేరు.

మా పుట్టినింటికి పోయినప్పటి ముచ్చట యొకటి. టెక్కలి చెంత రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి వెలసియున్నాడు. ఆ స్వామికి పైకప్పు లేదు. ఎండయైనను వానయైనను ఆయన శిరస్సుపైననే. మా అమ్మాయి చూచి చూచి, “తాతగారూ, దేవుడికి కాలదా?” అని యడిగెను. “స్వామి కోరి యుంచుకొన్న యెండయమ్మా అది” అని మా తండ్రిగారు చెప్పిరి. దానికి నచ్చలేదు. మాటలాడక తన పూలగొడుగును అచ్చటి అరుగుమీద ఆనించి వచ్చివేసెను. నాలుగడుగులు నడిచితిమో లేదో మబ్బు కమ్మి చినుకులు రాలినవి. అది ఆగి, “తాతగారూ, స్వామికి ఎండ అలవాటే కదా, వాన కూడ అలవాటేనా?” అనెను. “అలవాటే.” “అయితే మనకే అలవాటు లేదు” అని వెనుకకు పరుగెత్తి గొడుగు తెచ్చుకొనెను. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నింత చక్కగా తెలిసిన భక్తురాలిని మేము మఱియొకరిని చూడలేదు.

నవ్వు సుఖసమయమునకే తగినదని కొందఱి యభిప్రాయము. మాకు 2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజాము జ్ఞప్తికి వచ్చును. ఆనాడు తిత్లీ తుపాను పలాస దాపుననే తీరము దాటెను. గాలి గంటకు 140, 150 కిలోమీటరుల వేగముతో వీచెను. దీపములు లేవు. పైకప్పు పెంకులు ఒక్కొక్కటిగా లేచిపోవుచున్న చప్పుడు వినుచు అందఱమును నడిమిగదిలో నొక దుప్పటిక్రింద నుంటిమి. అత్తగారు తోటను తలచుకొని కంట తడిపెట్టుచుండిరి. పిల్లల మనసు మరల్చుటకై మావారు, తిత్లీ యనునది హిందీమాట యనియు, సీతాకోకచిలుక యని దాని యర్థమనియు, ఆ పేరును పాకిస్థాను సూచించినదనియు పాఠము చెప్పిరి. అప్పటికి అయిదేండ్ల పెద్దవాడు చీకటిలో తల పైకెత్తి, “సీతాకోకచిలుకే ఇలాగుంటే, జోరీగొస్తే ఏటవుద్ది మామ్మా?” అనెను. ఏడ్చుచున్న యత్తగారు ఫక్కున నవ్విరి. ఆమె నవ్వగా మేమందఱమును నవ్వితిమి. బయట గాలి తగ్గలేదు గాని, లోపల భయము కొంత తగ్గినది.

తెల్లవారి చూచిన ఉద్దానము మేమెఱిగిన ఉద్దానము కాదు. తలలు నేలకు వాల్చి పడియున్న కొబ్బరిచెట్లను లెక్కింప నెవ్వరికిని మనసు రాలేదు. జీడితోటలు వేళ్ళతో లేచిపోయినవి. కొబ్బరిమొక్క నాటిన పిదప కాపునకు రా నాఱేడేండ్లు పట్టును. అంతవఱకు ఆ తోటపై బ్రదుకు కుటుంబము ఏమి తినవలెను? మా పెద్దవాడు నాయనమ్మతో తోటకు పోయి, పడిన చెట్టు ప్రక్కన నొక మొక్కను నాటెను. “నువ్వు ముందెదుగుతావో, అది ముందెదుగుతాదో సూద్దాం” అని ఆమె పందెము వేసిరి. నేడు చెట్టే గెలిచినది. “అది రోజూ నిలబడే ఉంటుంది, నన్ను బడిలో కూర్చోబెట్టారు, అందుకే” యని వాని వాదము.

ఇక చెప్పదలచిన సంగతి. గత సంవత్సరము మా అమ్మాయి యొకచోట కథలు చెప్పు పోటీకి పోయెను. పేరు చెప్పము. కుందేలును సింహమును గూర్చి హుషారుగా చెప్పుచు, సింహముచేత “ఏటి, ఇంతాలస్యంగా వొచ్చినావు?” అని గర్జింపజేసెను. వేదికమీది పెద్దలు నవ్విరి. కథకు నవ్విన మేలే. వారు నవ్వినది మాటకు. “ఇదెక్కడి భాషమ్మా, సరిగా నేర్చుకొని రా” అని యొకరు దిద్దిరి. పిల్ల కథ ముగింపకయే దిగివచ్చెను.

ఇంటికి వచ్చి యేడ్వలేదు. ఏడ్చిన బాగుండెడిది. మఱునాటి ఉదయము నాయనమ్మ యెదుట నిలుచుండి, “నాయనమ్మగారూ, తమరు కాఫీ త్రాగితిరా?” అనెను. మాకు నవ్వు వచ్చెను. రెండవనాటికి అది పోయెను. నాలుగు దినములు ఆ పిల్ల అత్తగారితో ‘తమరు’, ‘చేసితిరా’, ‘వద్దండి’ యను మాటలు తప్ప వేఱు పలుకలేదు. రాత్రి ప్రక్కలో పడుకొని కథ చెప్పు మని యడుగుట మానెను. నాలుగవనాడు అత్తగారు వంటయింటి గడపలో కూర్చుండి, “గుంటకి నామీద కోపమేటి? పరాయిదాన్ని సేసి మాట్లాడతంది” అని కొంగుతో ముఖము తుడుచుకొనిరి. వేదికమీది యొక్క నవ్వు ఎవరో పెద్దలకు మఱునిమిషమున మఱపునకు వచ్చియుండును. మా యింటిలో నది నాయనమ్మకును మనుమరాలికిని నడుమ గోడయై నిలిచెను.

ఆ సాయంకాలము అమ్మాయిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని గిడుగు రామమూర్తి పంతులుగారి కథ చెప్పితిమి. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఎవ్వరును భాషగా లెక్కింపని సవరల భాషను నేర్చి, దానికి నిఘంటువు కూర్చిరి. ప్రజలు పలుకు తెలుగే బడులలోనికిని పుస్తకములలోనికిని రావలెనని 1940లో కన్నుమూయు వఱకు పోరాడిరి. ఆయన పుట్టినదినమునే నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. గ్రంథభాషను విడువని మేము ఈ కథ చెప్పుట విని మావారు తలుపుచాటునుండి, “శివాలయములో విష్ణుపురాణము!” అని యిగటమాడిరి. అమ్మాయి మాత్రము మిక్కిలి యాలోచించి, “అయితే అంత పెద్ద పంతులుగారు మనూరివైపు వారేనా? ఆయన కూడ ఏటి అనీవారా?” అని యడిగెను. “ఈ సీమ నీరు త్రాగినవారు అనకపోవుదురా!” అంటిమి. అది లేచి వంటయింటిలోనికి పోయి, “మామ్మా, ఏటి వొండినావు?” అనెను. అత్తగారు గరిటె క్రిందబెట్టి, “ఓలమ్మా! నా గుంట వొచ్చీసింది!” అనిరి.

సోదరీమణులారా, నవ్వులు రెండు విధములు. కలిసి నవ్వునది యొకటి, ఒకరిని చూచి నవ్వునది మఱొకటి. తిత్లీనాటి చీకటిలో మమ్ము కాచినది మొదటిది. రెండవది యెంత చేటు తెచ్చునో మయసభ కథ నెఱిగినవారికి వేఱుగ చెప్పవలెనా? పిల్లలకు పుస్తకభాష నేర్పవలదని మేమనము. పరీక్షకును, సభకును అది కావలసియే యున్నది. మాకు ప్రాణము కూడను. కాని పెట్టెలో పట్టుచీర యున్నదని కట్టుకొను నూలుచీరను పొయ్యిలో వేయు ఇల్లా లెవతె? పిల్ల మాట దిద్దవలసివచ్చిన, పదిమందిలో గాక ప్రక్కకు పిలిచి, ‘ఇది యింటి మాట, ఇది సభ మాట’ యని రెంటికిని మర్యాద యిచ్చి చెప్పుదము. రెండు చీరలు గల పిల్ల యొక్క చీర గల పిల్లకంటె బీదది కాదుగదా.

మఱియొక మనవి. మీ పిల్లలు పలుకు వింతమాటలను తేదీతో గూడ నొక చిన్నపుస్తకములో వ్రాసియుంచుడు. పాలపండ్లతో నవియు రాలిపోవును. మే మట్టి పుస్తక మొకటి పెట్టితిమి. దానిని చూచిన చిన్నవాడు, “అమ్మా, మాటలు నావి, డబ్బులు నీవా?” అని పత్రికవారు పంపు పారితోషికములో పాలు కోరుచున్నాడు. న్యాయము వానివైపుననే యున్నట్లు తోచుచున్నది. ఇట్టి తగవులను మీ యిండ్ల నెట్లు తీర్చుకొనుచున్నారో వ్రాసి తెలుపుడు.