భాషలకు మెట్లు కట్టిందెవరు?

పాకిస్తాన్‌లో కరాచీ ఉర్దూ కుటుంబాల గురించీ, లాహోర్ పంజాబీ కుటుంబాల గురించీ చెప్పుకునే మాటలు ఏళ్ల తరబడి ఒకే మూసలో నడుస్తున్నాయి. ఉర్దూవాళ్లకు మాటలో మెత్తదనం, చదువు మీద మక్కువ, పద్ధతి ఉంటాయి, కాకపోతే తామే నాగరికులమన్న అతిశయం పాలు ఎక్కువ అంటారు. పంజాబీలు కడుపులో ఏదీ దాచుకోరు, చేతికి ఎముక ఉండదు, పదిమందిని కూర్చోబెట్టి తినిపిస్తారు, కాకపోతే మాట మోటు అంటారు. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఈ మాటలు బయటికొస్తాయి. టీవీ నాటకాల్లో కథానాయిక ఉర్దూలో బాధపడుతుంది, నవ్వించడానికి వచ్చే పనివాడు పంజాబీ యాసలో మాట్లాడతాడు. ఈ రెండు సముదాయాల మధ్య తేడాలు లేవని వాదించడం నా ఉద్దేశం కాదు. ఆ తేడాలను పైమెట్టు, కిందిమెట్టుగా పేర్చిన తీరు మీదే నా అభ్యంతరం. ఆ మెట్లను కట్టింది ప్రభుత్వాలు. మొదటి రాయి పడింది 1850ల్లో. ఆ సంగతి తెలియనంత కాలం రెండు వైపులవాళ్లూ ఒకరినొకరు నిందించుకుంటూనే ఉంటారు.

ముందు తేడాల సంగతే చూద్దాం. పంజాబీ జీవితానికి చాలాకాలం భూమి ఆధారం. జాట్, అరాయీ, రాజ్‌పుత్, గుజ్జర్ వంటి బిరాదరీలు (కులబంధు సముదాయాలు), బ్రిటిష్ వాళ్లు తవ్వించిన కాలువల కింద వెలిసిన కొత్త ఊళ్లు, సైన్యంలో ఉద్యోగాలు ఈ సమాజాన్ని మలిచాయి. బంధుబలగం ఎంత పెద్దదైతే అంత అండ. కాబట్టి పెళ్లిలో ఢోలు మోగాలి, ఊరంతా రావాలి, పెట్టే చెయ్యి కనబడాలి. ఉర్దూ మాట్లాడే కుటుంబాల్లో ఎక్కువ భాగం 1947లో, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, బిహార్, ఢిల్లీ, భోపాల్, హైదరాబాద్ వైపు నుంచి వెళ్లినవి. భూమి ఉన్నవాళ్లు దాన్ని వెనకే వదిలిపోయారు. కరాచీలో వాళ్ల చేతిలో మిగిలింది అక్షరం, దాంతో వచ్చే ఉద్యోగం, చేతిపని. చదువే ఆస్తి అయిన ఇంట్లో ఉచ్చారణ తప్పితే పిల్లల్ని సరిదిద్దుతారు. పొలమే ఆస్తి అయిన ఇంట్లో సరిదిద్దే విషయాలు వేరు. బతుకుతెరువులోంచి వచ్చిన ఈ అలవాట్లను రక్తంలో ఉన్న గుణాలుగా చెప్పుకోవడం దగ్గర పొరపాటు మొదలవుతుంది. పంజాబీకి మర్యాద రాదన్న నింద అసలు నిలవదు. ఉర్దూలో పెద్దలను ‘ఆప్’ అన్నట్టే పంజాబీలో ‘తుసీ’ అంటారు. బాబా ఫరీద్, షా హుసేన్, బుల్లే షా, వారిస్ షాలను కన్న భాష అది. సున్నితమైన భావం చెప్పడానికి ఆ భాషకు ఏనాడూ మాట కరువు కాలేదు.

మరి మోటు అన్న ముద్ర ఎక్కడిది? పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాలను పోల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. సింధును బ్రిటిష్ వాళ్లు 1843లో గెలిచారు. అక్కడ సింధీనే పాలనకు వాడాలని నిర్ణయించి, 1853లో అరబ్బీ లిపి ఆధారంగా 52 అక్షరాల వర్ణమాలను ఖాయం చేశారు. కచేరీ కాగితాలు, బడి పుస్తకాలు సింధీలో వచ్చాయి. పంజాబ్‌ను 1849లో ఆక్రమించారు. అక్కడ ఫారసీ స్థానంలో ఉర్దూను కూర్చోబెట్టారు. కారణాలు కనబడుతూనే ఉన్నాయి. ఢిల్లీ వైపు నుంచి తెచ్చుకున్న గుమాస్తాలకు ఉర్దూ వచ్చు. పంజాబీ పల్లెటూరి మాండలికమని అధికారుల్లో చాలామంది నమ్మారు. పంజాబీ రాసే గురుముఖి లిపి అప్పుడే ఓడించిన సిక్కుల పాలనను గుర్తుచేస్తుంది. 1882లో లాహోర్ ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ లైట్నర్, పంజాబ్‌లో పాతకాలపు దేశీయ బడులు ఆక్రమణ తర్వాత ఎలా క్షీణించాయో చెబుతూ ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఒకే సామ్రాజ్యం, కొన్నేళ్ల తేడాతో, ఇరుగుపొరుగు ప్రాంతాల్లో తీసుకున్న రెండు నిర్ణయాల ఫలితం ఈనాటికీ కనిపిస్తోంది. సింధులో పిల్లలు సింధీ మాధ్యమంలో చదువుకునే బడులున్నాయి. 2023 జనగణనలో దాదాపు 37 శాతం మంది మాతృభాషగా చెప్పుకున్న పంజాబీకి, దేశంలో అన్నిటికంటే పెద్ద భాషకు, సొంత రాష్ట్రంలో ఒకటో తరగతి వాచకంలో చోటు దొరకలేదు. కచేరీకీ బడికీ పనికిరాదని ప్రభుత్వం పక్కన పెట్టిన భాష పొలంలో, సంతలో, వీధిలో మిగులుతుంది. రెండు తరాలు గడిచాక అది పొలానికీ సంతకూ మాత్రమే తగిన భాష అని దాన్ని మాట్లాడేవాళ్లే నమ్ముతారు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. పంజాబీలు ఉర్దూను ఇష్టపడే తీసుకున్నారు కదా అంటారు. నిజమే, ఉర్దూకు పంజాబ్ చేసిన సేవ సామాన్యం కాదు. 1857 తర్వాత ఢిల్లీ చెదిరిపోతే, తండ్రిని పోగొట్టుకున్న ముహమ్మద్ హుసేన్ ఆజాద్ చివరికి చేరింది లాహోర్‌కే. 1874లో కవి హాలీతో కలిసి కొత్త తరహా ముషాయిరాలు నడిపి ఉర్దూ కవిత్వం దారి మళ్లించిందీ ఆ ఊళ్లోనే. ఇక్బాల్‌ది సియాల్‌కోట్, ఫైజ్‌ది ఆ పక్క పల్లె, మంటో లుధియానా జిల్లాలో పుట్టాడు. పాకిస్తాన్ జాతీయగీతం రాసిన హఫీజ్‌ది జలంధర్. ఈ ప్రేమను నేను శంకించను. అయితే కొలువు, చదువు, పత్రిక, సభా గౌరవం అన్నీ ఒక భాషలోనే దొరికేటప్పుడు దాన్ని ఎంచుకోవడాన్ని పూర్తి స్వేచ్ఛ అనలేం. పైగా మతం వచ్చి చేరింది. ముస్లింలకు ఉర్దూ, హిందువులకు హిందీ, సిక్కులకు పంజాబీ అన్న పంపకంలో మూడు మతాలవాళ్ల అమ్మభాష ఒక్క మతం పాలబడింది. సరిహద్దుకు ఇవతల కూడా అదే జరిగింది. 1951, 1961 జనగణనల్లో భారత పంజాబ్‌లోని హిందువులు పెద్ద సంఖ్యలో ఇంట్లో పంజాబీ మాట్లాడుతూనే మాతృభాష హిందీ అని రాయించారు. 1966లో పంజాబీ రాష్ట్రం ఏర్పడడానికి ముందు నడిచిన గొడవంతా దీని చుట్టూనే తిరిగింది.

ఇంకో భాషను నేర్చుకోవడానికి సొంతభాషను వదులుకోనక్కర్లేదన్నదానికి రుజువు మన దగ్గరే ఉంది. నిజాం రాజ్యంలోనూ పాలన ఉర్దూలో సాగింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పింది. ఆనాటి తెలంగాణలో చదువుకున్నవాళ్లకు ఉర్దూ బాగా వచ్చు. అయినా 1901లోనే హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చారు. నిజాం జైలుకు పంపిన దాశరథే తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. ఉర్దూ మీద ప్రేమకూ, ఉర్దూ పెత్తనాన్ని ఎదిరించడానికీ ఆయనలో పేచీ రాలేదు. నిజాం రాజ్యంలో పాలకుల భాషకూ ప్రజల భాషకూ మధ్య గీత స్పష్టంగా ఉంది, పంజాబ్ ముస్లింలకు ఉర్దూ తమ మతానికి, తమ కొత్త దేశానికి గుర్తుగా కనిపించింది కాబట్టి రెండింటినీ పోల్చకూడదని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ తూర్పు బెంగాల్ ముస్లింలు కూడా ఆ దేశాన్నే కోరుకున్నవాళ్లు. ఉర్దూ ఒక్కటే రాజ్యభాష అని 1948 మార్చిలో జిన్నా ఢాకాలో ప్రకటించినప్పుడు వాళ్లు ఒప్పుకోలేదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకా విద్యార్థులు తూటాలకు బలయ్యారు, 1956 రాజ్యాంగంలో బెంగాలీ కూడా రాజ్యభాష అయింది. మతం ఒక్కటైతే భాష ఒక్కటి కావాలన్న వాదాన్ని వాళ్లు తమ ప్రాణాలతో తోసిపుచ్చారు.

పంజాబీ వాదుల్లో కొందరు ఈ నష్టానికంతా వలసొచ్చిన ఉర్దూవాళ్లే కారణమంటారు. ఇది చరిత్రకు చేసే అన్యాయం. ఆ కుటుంబాలు 1947లో రైలు దిగేనాటికి లాహోర్ కచేరీల్లో ఉర్దూకు సుమారు తొంభై ఏళ్ల వయసు. ఇంకో సంగతి కూడా గమనించాలి. 1951 జనగణన పాకిస్తాన్‌లో 72 లక్షల మంది శరణార్థులను లెక్కించింది. వాళ్లలో అత్యధికులు తూర్పు పంజాబ్ నుంచి పశ్చిమ పంజాబ్‌కు నడిచినవాళ్లు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకోవడంలో, నెత్తురు చూడడంలో వాళ్లది ఎవరికీ తీసిపోని దుఃఖం. అయినా ఇవాళ వాళ్ల మనవలను ఎవరూ ముహాజిర్లు, అంటే వలసవచ్చినవాళ్లు, అనరు. వచ్చిన చోట వాళ్ల భాష ఉంది, బిరాదరీ ఉంది, కలిసిపోయారు. కరాచీ చేరినవాళ్లకు ఆ నేల భాష సింధీ. జనాభాలో సగానికి పైగా వలసవచ్చినవాళ్లే అయిన నగరంలో ఆ భాష నేర్చుకోవాల్సిన అవసరం వాళ్లకు పడలేదు. కాబట్టి ఉర్దూ సముదాయం అని మనం పిలిచేది కూడా 1947 తర్వాత కరాచీలో రూపు కట్టినదే. లక్నో, పట్నా, ఢిల్లీ, మన హైదరాబాద్‌లకు ఒకే యాస, ఒకే వంట, ఒకే పెళ్లితంతు ఎప్పుడూ లేవు. అవధ్ పల్లెల్లో అవధీ, బిహార్‌లో మగహీ, భోజ్‌పురీ ఇళ్లలో వినిపించేవి. 1948 పోలీసు చర్య తర్వాత ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు కరాచీలో హైదరాబాద్ కాలనీలో స్థిరపడి పచ్చళ్లూ, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ కాపాడుకున్నారు. తెలుగు, మరాఠీలతో శతాబ్దాలుగా కలిసిమెలిసి పెరిగిన వాళ్ల దక్కనీని మాత్రం ఢిల్లీ, లక్నో ఉర్దూ పక్కన మోటుగానే చూశారు. పంజాబీకి జరిగిన అవమానం సాటి ఉర్దూవాళ్లకూ జరిగిందన్నమాట. పైమెట్టు మీద నిజంగా నిలబడినవాళ్లు కొన్ని పట్టణాల కులీనులు, అంతే.

పాకిస్తాన్ సైన్యం, అధికారం పంజాబ్ చేతిలో ఉంటే పంజాబీలు బాధితులెలా అవుతారని సింధీలు, బలోచీలు, ముహాజిర్లు అడుగుతారు. వాళ్లు అడగడంలో న్యాయముంది. తొలి ఏళ్లలో పెద్ద ఉద్యోగాలు ముహాజిర్లూ పంజాబీలూ పంచుకున్నారు. ఆయూబ్ ఖాన్ 1959లో రాజధానిని కరాచీ నుంచి ఉత్తరానికి తరలించాక పలుకుబడి కూడా ఉత్తరానికి జరిగింది. 1970ల్లో సింధులో గ్రామీణ, పట్టణ కోటాలు వచ్చాక చదువే ఆస్తిగా బతికిన కరాచీ కుటుంబాలకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. 1972లో సింధీ భాషా బిల్లు మీద కరాచీ మండింది. 1984లో ముహాజిర్ పార్టీ పుట్టింది. ఆ తర్వాతి పదేళ్లలో కరాచీ చూసిన రక్తపాతానికి, 1992లో మొదలైన సైనిక చర్యకు మూలం కొలువుల పంపకంలో, నగరం మీద పట్టులో ఉంది. సంస్కృతుల పొసగనితనం ఆ పోరుకు తర్వాత తొడిగిన వేషం. పంజాబ్ ఆధిపత్యం నిజమే. అయితే ఆ ఆధిపత్యానికి పంజాబీ పాలకవర్గం చెల్లించిన మూల్యం సొంతభాషే. దేశమంతా ఒకటేనని, ప్రాంతీయ భాషలు అడగడం వేర్పాటువాదమని బెంగాలీలకూ సింధీలకూ చెప్పాలంటే ముందు తమ భాషను మూటగట్టి అటకెక్కించాలి. వాళ్లు ఆ పని చేశారు. లాభం ఆ వర్గానికి దక్కింది, నష్టం ఊళ్లో బడికెళ్లి మొదటిరోజే పరాయిభాషలో అక్షరాలు దిద్దిన పిల్లవాడికి మిగిలింది.

ఇప్పుడు గాలి మారుతోందని కొందరి ఆశ. 2022లో వచ్చిన పంజాబీ చిత్రం ‘ది లెజెండ్ ఆఫ్ మౌలా జట్’ పాకిస్తానీ సినిమాల వసూళ్ల రికార్డులన్నీ చెరిపేసింది. అందులో కథానాయిక మాహిరా ఖాన్ కరాచీ అమ్మాయి. అదే ఏడాది పంజాబీ, ఉర్దూ కలగలిసిన ‘పసూరీ’ పాట ప్రపంచమంతా తిరిగింది. కరాచీ మెహందీ వేడుకల్లో పంజాబీ ఢోలు మోగుతుంది, లాహోర్‌లో తెల్లారేసరికి ఢిల్లీ నిహారీ కోసం జనం నిలబడతారు. 2024లో పంజాబ్ శాసనసభ తన నియమాలు మార్చి సభ్యులు పంజాబీలోనూ మాట్లాడవచ్చంది. సొంత సభలో సొంతభాష మాట్లాడటానికి దేశం పుట్టిన తర్వాత ఇన్ని దశాబ్దాలు ఆగాల్సి రావడం నన్ను బాధిస్తుంది. పాటకూ నవ్వుకూ పంజాబీని అందరూ ఎప్పుడో ఒప్పుకున్నారు. పాఠానికి, తీర్పుకు, వార్తకు ఒప్పుకుంటారా అన్నదే తేలాలి. 1989లో లాహోర్‌లో ‘సజ్జన్’ అనే పంజాబీ దినపత్రిక మొదలై రెండేళ్లు నిండకుండానే ఆగిపోయింది. దాన్ని నడిపిన సంపాదకుడు హుసేన్ నకీ లక్నోలో పుట్టిన ఉర్దూ మనిషి. పంజాబీ భాష కోసం ఆయన పడిన పాటు పంజాబ్ ధనవంతుల్లో ఎందరు పడ్డారు?

బడిలో పంజాబీ పెడితే ఉర్దూ బలహీనపడుతుందని, దేశంలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే భాష పోతుందని చివరిగా ఒక భయం చెబుతారు. సింధు ఆ భయానికి జవాబిచ్చి నూటడెబ్బై ఏళ్లవుతోంది. అక్కడ సింధీలో చదివినవాళ్లు ఉర్దూ కూడా మాట్లాడతారు, రాస్తారు. పైగా ఉర్దూకు అసలు ముప్పు పంజాబీ నుంచి రావడం లేదు. ఉర్దూను ప్రభుత్వ వ్యవహారాల్లో అమలు చేయాలని 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినా పెద్ద ఫైళ్లన్నీ ఇంగ్లిషులోనే నడుస్తున్నాయి. కరాచీ కలిగినవాళ్ల పిల్లలు, లాహోర్ కలిగినవాళ్ల పిల్లలు ఒకే రకం ఇంగ్లిషు బడుల్లో పక్కపక్కన కూర్చుంటున్నారు. వాళ్లలో కొందరికి గాలిబ్ ఎంత దూరమో వారిస్ షా అంతే దూరం. లాహోర్ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో మొదటి మూడేళ్లు పంజాబీలో చదువు చెప్పి, తర్వాత ఉర్దూ, ఆపై ఇంగ్లిషు కలపడానికి పుస్తకాలు అచ్చువేయాలి, పంతుళ్లకు శిక్షణ ఇవ్వాలి. ఈ పనికి పంజాబ్ ప్రభుత్వం కరాచీని అడగక్కర్లేదు, ఇస్లామాబాద్ అనుమతికీ ఆగక్కర్లేదు. 1973 రాజ్యాంగం 251వ అధికరణం జాతీయభాషకు భంగం రాకుండా రాష్ట్ర భాషను బోధించే అధికారాన్ని రాష్ట్ర శాసనసభకే ఇచ్చింది.