అయ్యగారికి బ్యాకప్ ఉందా?

పోయినేడాది మా సంఘం అయ్యగారికి గుండెపోటు వచ్చింది. దేవుని దయవల్ల బయటపడ్డారు. కానీ ఆయన హాస్పిటల్లో ఉన్న మూడు ఆదివారాలూ మా రేకుల షెడ్డు మందిరంలో ఏదీ సరిగా నడవలేదు. వాక్యం చెప్పేవాళ్లు లేరు. కరెంటు బిల్లు కడదామంటే బ్యాంకు ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. యూట్యూబ్ ఛానెల్ పాస్‌వర్డ్ కూడా ఆయనకే తెలుసు.

సాఫ్ట్‌వేర్‌లో 'బస్ ఫ్యాక్టర్' అని ఒక మాట ఉంది. టీమ్‌లో ఎంతమంది ఉన్నట్టుండి లేకుండా పోతే ప్రాజెక్ట్ ఆగిపోతుందో, ఆ సంఖ్య. మా సంఘానికి ఆ సంఖ్య ఒకటే!

తప్పు ఆయన ఒక్కరిదే అనలేను. జ్వరమొచ్చినా, ఇంట్లో గొడవైనా, పిల్లాడికి సీటు రాకపోయినా ఆయనకే ఫోన్ చేస్తాం. అయ్యగారు వచ్చి చేస్తేనే ప్రార్థన అనుకుంటాం. ఆయన సెలవు తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

బైబిల్లో మాత్రం ఇలా లేదు. ఒక్కడివే అందరి తగాదాలూ తీరిస్తే అలిసిపోతావు, పని పంచు అని మోషేకి చెప్పింది ఆయన మామ యిత్రో. భోజనాల పంపకంలో ఫిర్యాదులొస్తే అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. కానుకల డబ్బు చేరవేసేటప్పుడు నింద రాకుండా పౌలు వేరేవాళ్లను కూడా వెంట పెట్టాడు.

మన తెలుగు నేల మీదా సాక్ష్యం ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి మిషనరీ జాన్ క్లౌ. కానీ ఆ రోజు బాప్తిస్మాలిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ.

పని పంచకపోతే అలసట ఒక్కటే కాదు, అడిగేవాళ్లు కూడా ఉండరు. రవి జకరయాస్ వీడియోలు మనలో చాలామంది చూశాం. 2017లో ఒక మహిళ ఆరోపణ చేస్తే ఆయన సంస్థ ఆయన మాటే నమ్మింది. 2020లో ఆయన చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో, ఆ సంస్థే నియమించిన లాయర్ల రిపోర్టు ఆయన లైంగిక దుష్ప్రవర్తనను బయటపెట్టింది. ముందే గట్టిగా అడిగి ఉంటే ఎంతమంది బాధ తప్పేదో!

అయ్యగారు కోలుకున్నాక మీటింగ్‌లో మూడు విషయాలు అడిగాను. బ్యాంకు ఖాతాకి రెండు సంతకాలు. మూడు నెలలకోసారి సంఘం ముందు లెక్కలు చదవడం. నెలలో ఒక ఆదివారం వేరేవాళ్లు వాక్యం చెప్పడం.

ఒక పెద్దాయనకి కోపం వచ్చింది. "అభిషిక్తుణ్ణి లెక్కలు అడుగుతావా బాబూ?" అన్నారు. నా నోట మాట రాలేదు.

అయ్యగారే కల్పించుకున్నారు. "అడగనీయండి. ఆ మూడు వారాలు మంచం మీద నేనూ ఇదే ఆలోచించాను" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "సరే బాబూ, మొదటి ఆదివారం వాక్యం నువ్వు చెప్తావా?" అన్నారు.

"అయ్యగారూ, రిలీజ్ ఉంది, టైమ్ దొరకదు" అనేశాను. అందరూ నవ్వారు, నేను తప్ప. అప్పటిదాకా నేనూ ఆయన మీదే అన్నీ వదిలేసిన వాళ్లలో ఒకణ్ణని గుర్తురాలేదు మరి.

ఇప్పుడు ఖాతాకి రెండు సంతకాలున్నాయి. లెక్కలు ఒకసారి చదివారు. ఆ పెద్దాయన ఇంకా నాతో ముభావంగానే ఉన్నారు. వాక్యం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు కానీ, సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు తీసుకుంటున్నా. వాళ్లు అడిగే ప్రశ్నలకి కోడ్ రివ్యూ కంటే ఎక్కువ చెమటలు పడుతున్నాయి.

ఈ ఆదివారం మీ సంఘంలో కూడా ఒకసారి అడిగి చూడండి, అయ్యగారు నెల రోజులు రాకపోతే ఏమవుతుందని. ఆయన మీకు పని అప్పగిస్తే మాత్రం, నాలాగా రిలీజ్ ఉందనకండి.