కాలనీకి అయిదు సెంట్ల అడవి

2021-22 సీజన్‌ను గుంటూరు మిరప రైతు మరిచిపోలేడు. నల్ల తామర పురుగు పూతలోకి దిగితే కళ్లనీళ్లతో తోటలు పీకేసుకున్నారు. 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తిని తెల్లదోమ ముంచింది. అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కారణాలు ఎన్నున్నా, కనుచూపు మేరా ఒకే పంట ఉంటే పురుగుకు విస్తరి వేసినట్టే. అందుకే ఎరిగిన రైతు పత్తిలో ఆముదం, బంతి ఎర పంటగా వేస్తాడు. చేను చుట్టూ జొన్న కంచెగా విత్తుతాడు.

ఆ తెలివి మన పట్టణాలకు రాలేదు. రోడ్ల మధ్య వరసగా కోనోకార్పస్ నాటుకున్నాం. త్వరగా పెరుగుతుంది. కానీ పిట్ట తినే పండు దానికి లేదు. కోనోకార్పస్ వద్దు, మన నేల చెట్లే నాటండని 2024లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కోరారు. ఆ మాట ప్రతి వీధికీ చేరాలి.

మన గుంటూరు బయట పేరేచర్ల దగ్గర నగరవనం ఉంది, సంతోషం. అయితే బ్రాడీపేటలోని ముసలమ్మ అక్కడికి నడిచి వెళ్లలేదు. అడవే ఆమె వీధికి రావాలి. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ (1928-2021) దారి చూపారు: ఆ నేలలో సహజంగా పెరిగే జాతులనే, పెద్ద చెట్టూ చిన్న చెట్టూ పొదా కలిపి, దగ్గర దగ్గరగా నాటడం. తెలంగాణలో యాదాద్రి నమూనా ఈ పద్ధతి నుంచి వచ్చిందే.

లెక్క చూడండి. అయిదు సెంట్లంటే దాదాపు 200 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు మూడు చొప్పున 600 మొక్కలు. వేప, కానుగ, నేరేడు, వెలగ, మారేడు, మోదుగ, వాటి కింద బలుసు, తంగేడు. మన నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి పశువుల ఎరువు కలిపి, పైన వరిగడ్డి మందంగా పరచాలి. రెండు మూడు వేసవులు నీళ్లు పోస్తే చాలు, ఆ తర్వాత రాలిన ఆకే ఎరువు, చెట్ల నీడే తడికి కాపు.

స్థలం ఎక్కడిదంటారా? లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకు వదిలిన చోట్లు చాలావాటిలో చెత్త, సర్కారు తుమ్మ పెరుగుతున్నాయి. పాములొస్తాయన్న భయం నిజమే. చుట్టూ కంచె, నడిచే బాట శుభ్రంగా ఉంచుకోవాలి. చెత్త దిబ్బలో ఎలుకలు చేరినా పాము వస్తుంది కదా!

ఈ కాలనీల్లో ఉన్నవాళ్లలో చాలామంది గట్టుమీద వేపచెట్టు కింద సద్ది విప్పుకున్నవాళ్ల పిల్లలే. కార్పొరేషన్ స్థలం చూపించి, కంచె వేసి, నీటి ట్యాంకరు పంపాలి. మిగతాది మనం చేద్దాం. తొలకరికి ముందే గుంతలు సిద్ధం కావాలి.