గంటకోలా మారే జబ్బుకు గంటను బట్టే ఆసరా

పార్కిన్సన్స్ ఉన్న మనిషి పొద్దున ఎనిమిదింటికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోవచ్చు. తొమ్మిదిన్నరకు అదే మనిషి వీధి చివరిదాకా వెళ్లి పాలప్యాకెట్ తెచ్చుకోవచ్చు. మధ్యలో జరిగింది ఒక మాత్ర వేసుకోవడమే. మెదడులో డోపమైన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశించడంతో వణుకు, కండరాల బిగువు, కదలికల్లో మందకొడితనం వస్తాయి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన ఈ జబ్బుతో 2019 నాటికి 85 లక్షల మందికి పైగా బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ప్రధాన మందు ఇప్పటికీ లెవోడోపాయే. తొలి ఏళ్లలో దాని ప్రభావం రోజంతా నిలకడగా ఉంటుంది. జబ్బు ముదిరేకొద్దీ ఒక్కో మోతాదు కొన్ని గంటలకే తేలిపోతుంది. మందు పనిచేసే వేళను వైద్యులు 'ఆన్' అని, పనిచేయని వేళను 'ఆఫ్' అని అంటారు. పప్పో పెసరట్టో దండిగా తిన్న వెంటనే వేసుకున్న మాత్ర ఆలస్యంగా పనిచేయవచ్చు, ఎందుకంటే మాంసకృత్తులు దాని దారికి అడ్డుపడతాయి. ఈ హెచ్చుతగ్గులను తగ్గించే సఫినమైడ్ అనే మందుపై 2014లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన పత్రాలకు అప్పటి హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజిస్టు డాక్టర్ రూపం బొర్గొహైన్ ప్రథమ రచయిత. మందుల విషయంలో ఈ నగరం చూపిన శ్రద్ధ ఆసరా విషయంలో ఇంకా కనిపించదు.

ఆ లోటు తేటగా తెలిసే చోటు శంషాబాద్ విమానాశ్రయం. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే పెద్దవాళ్లు అక్కడ నిత్యం కనిపిస్తారు. విమానయాన సంస్థలు చక్రాల కుర్చీ అవసరాన్ని మూడు తరగతులుగా రాసుకుంటాయి: దూరం నడవలేనివారు, మెట్లెక్కలేనివారు, సీటుదాకా మోసుకెళ్లాల్సినవారు. సాయం కావాలంటే 48 గంటల ముందే చెప్పాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. పార్కిన్సన్స్ రోగి ఈ మూడింటిలో ఏ తరగతిలో ఉంటాడో రెండు రోజుల ముందు చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒకే పూటలో మూడూ కావచ్చు.

భద్రతా తనిఖీ దగ్గర ఇంకో చిక్కుంది. ఇరుకు ద్వారాలు, మలుపులు, వెనుకనుంచి తొందరపెట్టే వరుస ఎదురైతే పాదం నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతుంది. అప్పుడు చెయ్యి పట్టి లాగితే పడిపోవచ్చు. ఒక్క క్షణం ఆగనిచ్చి, 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టినా, దాటడానికి నేలమీద ఒక గీత చూపినా చాలామందికి అడుగు కదులుతుంది. జబ్బు లక్షణాలు తగ్గేందుకు మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్పించుకుని, ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం పెట్టించుకున్నవారు ఆ యంత్రం వివరాల కార్డు చూపించి చేతి తనిఖీ అడగాలి. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైన పొద్దుతిరుగుడు పూల మెడపట్టీ ఇలాంటి కనిపించని ఇబ్బందులను సిబ్బందికి మాట్లాడకుండానే తెలుపుతుంది. పట్టీ చూసిన ఉద్యోగికి ఏం చేయాలో తెలియకపోతే మాత్రం అది వట్టి గుడ్డపీలికే. నడవగలిగిన వేళ నడవనిచ్చి కుర్చీని వెనకే తీసుకురావడం, ఆగిపోయిన చోట కూర్చోబెట్టడం సిబ్బందికి నేర్పాలి. అవసరానికి మించి కూర్చోబెట్టినా నష్టమే. కాళ్లలో ఉన్న సత్తువ కూడా పోతుంది.

ఇంటి దగ్గరా ఇదే కొరత. విమానాశ్రయం చుట్టుపక్కల ఇళ్లలో కార్గోలోనో, క్యాబ్ మీదో, సెక్యూరిటీలోనో షిఫ్ట్ డ్యూటీ చేసే పిల్లలుంటారు. వాళ్లు ఇంట లేని వేళలకు అటెండర్ కోసం ఏజెన్సీని అడిగితే సాధారణంగా పన్నెండు గంటలకో, ఇరవై నాలుగు గంటలకో మనిషిని పంపుతారు. రోగికి తప్పనిసరిగా తోడు కావాల్సింది తెల్లవారి మొదటి మాత్ర పనిచేసేదాకా, స్నానం వేళ, రాత్రి పక్కమీద ఒత్తిగిల్లేటప్పుడు. నాలుగైదు ఇళ్లకు ఒక శిక్షణ పొందిన మనిషి వేళలు పంచుకుని తిరిగితే ఖర్చూ తగ్గుతుంది, రోగి చేసుకోగల పని రోగికే మిగులుతుంది. 'ఇందాక నడిచావుగా నాన్నా, ఇప్పుడేమైంది?' అనే ప్రశ్న ఎన్నో ఇళ్లలో వినబడుతుంది. జబ్బు స్వభావం తెలియని ఆ అనుమానం రోగిని వణుకుకన్నా ఎక్కువ కుంగదీస్తుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. అధిక ఆసరా అవసరమైనవారు దానికోసం దరఖాస్తు చేసుకునే వీలునూ 38వ సెక్షన్ కల్పించింది. ఆ గుమ్మం చేరాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. దాన్ని ఇచ్చే వైద్య బోర్డు ముందుకు మాత్ర బాగా పనిచేస్తున్న గంటలో వెళ్లిన మనిషి చకచకా నడిచి చూపించి, తక్కువ శాతంతో తిరిగి రావచ్చు. అందుకే ఆన్ స్థితిలో ఒకసారి, ఆఫ్ స్థితిలో ఒకసారి చూసి, రోజులో ఎన్ని గంటలు ఏ స్థితిలో గడుస్తున్నాయో కుటుంబం రాసిన పట్టికను కూడా బోర్డు లెక్కలోకి తీసుకోవాలి.