గుండు టైరుకు గాట్లు: మట్టిలో మేలు, తారు రోడ్డుపై ముప్పు

వానలు మొదలయ్యే ముందు పంక్చర్ షాపుల దగ్గర ఒక పని జోరుగా సాగుతుంది. అరిగి నున్నగా మారిన బైకు టైరు మీద వేడెక్కిన బ్లేడుతో కొత్తగా గాట్లు కోస్తుంటారు. కొత్త టైరు కొనాలంటే వేలల్లో ఖర్చు. ఈ పనికి అందులో చిన్న భాగం చాలు. కొన్నేళ్ల కిందట నేనూ అలాగే చేయించుకున్నాను. తొలి వానకే ఘాట్ రోడ్డు మలుపులో వెనక చక్రం జారింది, మోకాలికి దెబ్బ తగిలింది. అయితే ఇదే కోత పనిని మట్టి దారుల్లో, పందేల్లో బైకు నడిపేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. వాళ్లకది నిజంగానే పనికొస్తోంది. బ్లేడు అదే, రబ్బరు అదే. మరి ఫలితం ఎందుకు వేరుగా ఉంది?

కారణం నేలలో ఉంది. మట్టి దారుల కోసం చేసిన టైరు మీద రబ్బరు దిమ్మలు ఎడంగా, ఎత్తుగా ఉంటాయి. అవి చిన్న పారల్లా మట్టిలోకి దిగి, దాన్ని వెనక్కి నెట్టి బండిని ముందుకు పంపుతాయి. ఇక్కడ పట్టు అంతా దిమ్మ అంచు పదునుమీదే ఆధారపడుతుంది. వెనక చక్రం మట్టిని నెట్టే ప్రతిసారీ దిమ్మకు ఒకవైపు అంచే ఎక్కువగా అరిగి గుండ్రంగా మారుతుంది. మొద్దుబారిన పార మట్టిలో దిగనట్టే, ఆ దిమ్మ కూడా నేలను కొరకలేక పైపైన జారిపోతుంది. దిమ్మ ఎత్తు ఇంకా బాగానే ఉన్నా పట్టు మాత్రం పోతుంది.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది పైసా ఖర్చు లేనిది. టైరును రిమ్ము నుంచి విప్పి, తిప్పి ఎక్కించడం. అప్పటిదాకా పెద్దగా పని చేయని రెండో అంచు ఇంకా పదునుగానే ఉంటుంది కాబట్టి, ఇక అది మట్టిని నెట్టే పని అందుకుంటుంది. టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం తయారీదారు సూచన చూడకుండా తిప్పకూడదు. రెండోది కోత. గుండ్రంగా మారిన అంచును కొద్దిగా కోసేస్తే కొత్త పదును వస్తుంది. కానీ ప్రతి కోతతో దిమ్మ సన్నబడుతుంది. సన్నబడిన దిమ్మ గట్టి నేల మీద వంగి, మొదట్లో చిరిగి, చివరికి ఊడిపోతుంది. అందుకే ఈ వైద్యం ఒకటి రెండు సార్లకే. దిమ్మ అడుగు కన్నా లోతుకు బ్లేడు దిగనే కూడదు.

ఇప్పుడు తారు రోడ్డుకు వద్దాం. ఇక్కడ టైరు నేలను కొరకదు, అంటిపెట్టుకుంటుంది. పొడి రోడ్డు మీద రబ్బరు ఎంత ఎక్కువగా ఆనితే అంత మంచిది. రేసు ట్రాకుల మీద గాట్లే లేని నున్నటి టైర్లు వాడేది అందుకే. మనల్ని మోసం చేసేది కూడా ఇదే. ఎండాకాలమంతా గుండు టైరు ఏ ఇబ్బందీ పెట్టదు. రోడ్డు తడిశాకే అసలు సంగతి బయటపడుతుంది. నీరు పక్కకు పోవడానికి గాళ్లు లేక, రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పలచని నీటి పొర నిలుస్తుంది. తొలి వానలో ఆ నీటికి దుమ్ము, నూనె కూడా తోడవుతాయి.

అలాంటప్పుడు కొత్త గాట్లు కోస్తే నీరు పోదా అని అడగవచ్చు. కొంత పోతుంది. కానీ ఆ గాటు ఎక్కడ పడుతోందో చూడాలి. అరిగిన టైరులో పైపొర రబ్బరు పలచబడి ఉంటుంది. దాని కిందే టైరుకు బలాన్నిచ్చే దారాల పొర ఉంటుంది. బ్లేడు దాన్ని తాకితే తేమ లోపలికి చేరుతుంది, గాటు మొదట్లో పగులు పుడుతుంది, చిన్న మేకు కూడా సులువుగా దిగుతుంది. కొన్ని లారీ టైర్ల మీద మళ్లీ గాట్లు వేయవచ్చని ముద్ర ఉంటుంది. వాటిలో అందుకోసమే అడుగున అదనపు రబ్బరు పెడతారు. మామూలు బైకు టైరులో ఆ ఏర్పాటు ఉండదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రెండు, మూడు చక్రాల వాహనాల టైర్లలో గాళ్ల లోతు 0.8 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. బ్లేడుతో ఆ లోతు తెచ్చుకోవచ్చు గానీ, పోయిన రబ్బరును తెచ్చుకోలేం.

అయితే అరిగిన టైరును వెంటనే పారేయాలని నేను చెప్పడం లేదు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే విధానాన్ని కనుగొన్నాడు. ఆ బంధాలే టైరుకు బలం. వాటివల్లే పాత టైరును ప్లాస్టిక్‌లా కరిగించి మళ్లీ పోత పోయలేం. అరిగిన రబ్బరు పొడి కూడా మాయమైపోదు, వాన నీటితో వాగుల్లోకి చేరుతుంది. టైర్లలో కలిపే ఒక రక్షక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారిన పదార్థం కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. వాడేసిన టైర్ల బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెడుతూ మన కేంద్ర ప్రభుత్వం 2022లో నియమాలు తెచ్చింది. కాబట్టి ఒక టైరు ఎక్కువ కాలం నడవడం జేబుకూ మంచిదే, ఊరి చెరువుకూ మంచిదే. ఆర్టీసీ బస్సులు, లారీలు రీబటన్ టైర్లతో నడుస్తున్నాయి. విమానాల టైర్లకూ కొత్త పొర వేస్తారు. అక్కడ పాత టైరు గూడును పరీక్షించి, కొత్త రబ్బరు చేరుస్తారు. పంక్చర్ షాపులో గాట్లు వేసినప్పుడు జరిగేది దీనికి తలకిందులు. ఉన్న కాస్త రబ్బరునూ తీసేస్తారు.

పాలు, కూరగాయలు మోసుకుని బతికే వాళ్లు ప్రతిసారీ కొత్త టైరు ఎలా కొంటారన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు బ్లేడులో లేదు, గాలిలో ఉంది. గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగుతూ వేడెక్కి త్వరగా అరుగుతుంది. వారానికోసారి చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవడం, బండిని నీడలో పెట్టడం, బరువు మించకపోవడం టైరు ఆయుష్షును నిజంగా పెంచుతాయి. మట్టిలో పట్టు కోసం గాలి తగ్గించినవాళ్లు తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపుకోవాలి.

నా అభిప్రాయంలో గాట్లు వేసే మెకానిక్‌ల మీద కేసులు పెడితే ఒరిగేదేమీ లేదు. వాళ్లకే శిక్షణ ఇవ్వాలి. ప్రతి పంక్చర్ షాపులో లోతు కొలిచే చిన్న పరికరం ఉండాలి. ఏ టైరును కోయవచ్చో, దేన్ని కోయకూడదో బైకు టైర్ల మీద మన భాషల్లో స్పష్టంగా ముద్రించాలి. అంతవరకు మనకు మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నా బండి రోజూ తిరిగేది మట్టి మీదా, తారు మీదా? తారు మీదైతే, గాట్లకిచ్చే డబ్బును కొత్త టైరు కోసం దాచుకోవడమే మేలు.