అరిగిన ఆటపలక

పాత వస్తువును బాగుచేయడమంటే దానిని కొత్తదానిలా మెరిపించడమేనని చాలామంది భావిస్తారు. ఈ భావన అన్ని వస్తువులకూ వర్తించదని నా అభిప్రాయం. బొమ్మలున్న ఆటపలకల విషయంలో ఇది తీరని నష్టానికి దారితీస్తుంది.

చేగుంట విద్యార్థికి క్యారమ్ బోర్డు తెలుసు, వైకుంఠపాళి తెలుసు. పిన్‌బాల్ యంత్రం తెలియకపోవచ్చు. అది అమెరికాలో 1930లలో ప్రాచుర్యం పొందిన ఆట. ఏటవాలుగా అమర్చిన చెక్కపలక, పైన అద్దపు మూత, లోపల దొర్లే ఉక్కు బంతి దాని ప్రధాన భాగాలు. బంతి కిందికి జారిపోకుండా ఆటగాడు మీటలతో దానిని తిరిగి పైకి కొడుతూ ఉండాలి. ఈ మీటలు 1947లో గాట్లీబ్ సంస్థ తెచ్చిన ‘హంప్టీ డంప్టీ’ యంత్రంతో ప్రసిద్ధికెక్కాయి. పలకపై రంగురంగుల బొమ్మలు అచ్చువేసి ఉంటాయి. సుమారు 80 గ్రాముల బంతి ఏళ్ల తరబడి ఒకే దారిన దొర్లితే ఏ రంగు నిలుస్తుంది? గుంతల అంచుల వద్ద చెక్క బయటపడుతుంది. ఇక ఆటగాడికి ఎదురుగా నిలబెట్టిన అద్దం మీది బొమ్మ లోపలివైపు అచ్చువేసినది. వెనుకనున్న దీపాల వేడికి అది పెళుసుబారి పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఇటువంటి యంత్రాలను కొని, ఇంట్లోనే బాగుచేసుకొనే అభిరుచి గలవారు అనేక దేశాలలో ఉన్నారు. వారిముందున్న ప్రశ్న ఒక్కటే. మిగిలిన బొమ్మను కాపాడాలా, అంతా గీకివేసి కొత్తగా వేయాలా?

మన ప్రాంతపు సంప్రదాయం రెండవ మార్గానికే అనుకూలమని ఎవరైనా వాదించవచ్చు. పొరుగున సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాశీ చిత్రకారులు ఖాదీగుడ్డపై సుద్దమట్టి, చింతగింజల పిండి, గంజి, బంక కలిపిన పూత పూసి, కులపురాణాలను చిత్రిస్తారు. కథకులు ఆ పటాన్ని ఊరూరా విప్పి కథ చెబుతారు. పటం శిథిలమైతే దానికి మాసికలు వేస్తూ కూర్చోలేదు. కొత్త పటం రాయించుకొని, పాతదానిని భక్తితో నదిలో విడిచేవారు. ఇది గంభీరమైన వాదమే. అయితే ఆ పటాన్ని విడిచినవారికి అదే కథను అదే పద్ధతిలో తిరిగి రాసే చిత్రకారుడు పక్క ఊళ్లోనే ఉన్నాడు. చేర్యాల చిత్రకళకు భౌగోళిక గుర్తింపు లభించినా, నేడు ఆ పని చేసే కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి. పిన్‌బాల్ సంగతి మరింత కష్టం. గాట్లీబ్ పేరుతో యంత్రాల తయారీ 1996లో ఆగిపోయింది. విలియమ్స్ సంస్థ 1999లో ఆ విభాగాన్ని మూసివేసింది. పాత బొమ్మల నకళ్లు కొన్ని దొరుకుతున్నమాట నిజమే. కాని చేతిలో ఉన్న పలకను గీకివేస్తే పోయేది నకలు కాదు, అసలు. గీసిన చేయి పక్కనే ఉన్నప్పుడు కొత్తది రాయించుకోవచ్చు. ఆ చేయి లేనప్పుడు ఉన్నదానిని నిలుపుకోవలసిందే.

అందువల్ల క్యారమ్ బోర్డును నునుపు చేసి, గీతలు తిరిగి గీసుకోవడానికి నేను సంకోచించను; ఆ గీతల కొలతలు అందరికీ తెలిసినవే. తాతగారి కాలపు వైకుంఠపాళి పటం వేరు. అందులోని పాముల పేర్లు, అక్షరాల తీరు, సోపానాల పక్కని బొమ్మలు నేటి అచ్చులో అలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. ఆడుకోవడానికి కొత్త పటం కొనుక్కోవచ్చు, పాతదానిని దాచుకోవచ్చు.

పిన్‌బాల్ పలకను ఇలా దాచిపెట్టి, వేరొకదానిపై ఆడటం సులభం కాదు. అది ఆడటానికే పుట్టినది; బంతి సాఫీగా దొర్లకపోతే యంత్రం వ్యర్థం. కనుక గుంత పడినచోట నింపి చదును చేయడాన్ని నేను తప్పుపట్టను. నా ఆక్షేపణ నిలిచి ఉన్న బొమ్మ మీద కొత్త రంగు పూయడం గురించే. రంగు పోయినంత మేర మాత్రమే దిద్దాలి. అనుభవజ్ఞులు ముందుగా పలకపై ఒక పారదర్శకమైన పూత వేసి, అది ఆరిన తరువాత దానిపై దిద్దుతారు. రంగు సరిపోలకపోతే వెంటనే తుడిచివేసినా అడుగున ఉన్న అసలు బొమ్మ చెదరదు. అద్దం మీది బొమ్మను వెనుకనుంచి దిద్దాలి కాబట్టి వరుస తలకిందులవుతుంది. ముందు కనిపించవలసిన గీతను ముందే గీయాలి, నేపథ్యం చివర రావాలి.

పైపూత విషయంలో తొందర పనికిరాదు. నిజాం ప్రభుత్వం 1920లలో అజంతా చిత్రాల రక్షణకు ఇటలీనుంచి నిపుణులను రప్పించింది. రాలిపోతున్న పెళ్లలను వారు శ్రద్ధగా అతికించారు. కాని రక్షణకోసం పూసిన లక్క వార్నిషు కాలక్రమంలో పచ్చబడి, నల్లబడి, చిత్రాలనే కప్పివేసింది. దానిని తొలగించడానికి తరువాతి రసాయనజ్ఞులు దశాబ్దాలు శ్రమించవలసి వచ్చింది. అంతటి నిపుణులకే అలా జరిగితే, ఇంటి వసారాలో కూర్చున్న మనకు మరెంత జాగ్రత్త అవసరం! కార్లకు వాడే రెండు పాళ్ల యురేథేన్ పూత పలకకు గట్టి మెరుపునిస్తుంది. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానికరం. ముక్కుకు కట్టుకున్న గుడ్డ వాటిని ఆపలేదు. ఆ పనిని తగిన రక్షణ పరికరాలున్న వారికి అప్పగించడమే మేలు.

పని మొదలుపెట్టేముందు పలకను పగటి వెలుతురులో ఫోటో తీయాలి. ముగిసిన తరువాత ఏ చోట దిద్దినదీ, ఏ రంగు వాడినదీ, ఏ పూత వేసినదీ ఒక కాగితంపై తేదీతో రాసి యంత్రపు పెట్టె లోపల అంటించాలి. మన తరువాత దానిని విప్పేవారికి మొదట అక్కరకు వచ్చేది ఆ కాగితమే.